వలల గట్టు

మార్చి 9

పొద్దున్నే గొట్టాల మూతులకు పట్టిన మంచు కొట్టి వదిలించాం. మూడో నంబరు గొట్టం ఒక్కటే మొండికేసింది. ఏడుకొండలు బాబాయ్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని వేడి గుడ్డతో తుడుస్తూ, తిడుతూ, బుజ్జగిస్తూ చివరికి దారికి తెచ్చాడు. తర్వాత తూర్పు మడికి నీరు కట్టాం.

ఈ దినచర్యను కేంద్రం పెద్ద రోజూ రాయాలని నియమం. ఏ భాషలో రాయాలో మాత్రం చెప్పలేదు. అందుకని నేను, తిరుమాని నాంచారిని, తెలుగులోనే రాస్తున్నాను.

మా పని చెప్పడానికి తేలిక. చలికాలమంతా మంచుకు బెజ్జాలు వేసి, కింది సముద్రపు నీటిని పైకి తోడి పారిస్తాం. పారిన నీరు గంటల్లో గడ్డకడుతుంది. దాని మీద మళ్ళీ నీరు. పొర మీద పొర. ఈ చోటుకు కాగితాల్లో 'ధ్రువ హిమ పునరుద్ధరణ క్షేత్రం, పద్నాలుగు' అని పేరు. మేము మంచుమడి అంటాం. మా తాతలు కృష్ణ కాలవ నీటితో వరి పండించారు. మేము ఉప్పునీటితో మంచు పండిస్తున్నాం.

ఈ ఏడు చుట్టుపక్కల సముద్రం తనంతట తాను కట్టుకున్న మంచు మోకాలి లోతైనా లేదు. మా మడిలో బెజ్జం వేసి కొలకర్ర దింపితే రెండు నిలువులు దిగుతుంది. నాలుగు చలికాలాల పని అది. ఎండాకాలం వచ్చి చుట్టూ అంతా నల్లటి నీళ్ళయిపోయినా మా మడి తెల్లగా నిలబడుతుంది, ఎండను వచ్చిన దారినే తిప్పి పంపుతుంది.

మేము తొమ్మిదిమందిమీ దివిసీమ వాళ్ళం. మా ఊళ్ళను సముద్రం తీసుకుంది. ఆ తర్వాత తీరవాసుల సంఘం పెట్టి ఇక్కడికి వచ్చాం. పదో మనిషి ఆనా. ఈ ఉత్తరాన పుట్టిన మనిషి, వేటగాళ్ళ కుటుంబం. మంచు ఎక్కడ గట్టిదో ఎక్కడ డొల్లో చూసి చెప్పడం ఆమె పని.

మంచు కరగడానికి బాధ్యులెవరో తేల్చాలని పెద్ద దేశాలు ఒక సభ పెట్టుకున్నాయి. నేను పుట్టకముందు మొదలైన సభ అది, ఇంకా నడుస్తూనే ఉంది. పొగ వదిలింది మీరంటే మీరంటారు. మా తాతల నాటి సంగతులు మాకెందుకు చుట్టబెడతారంటారు. సముద్రం మాత్రం వాళ్ళు తేల్చేదాకా ఆగలేదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర సువర్ణరాజు ఇదే గొడవ మళ్ళీ ఎత్తాడు. మోటార్లన్నీ చూసుకునేది అతనే. చేతిలో గొప్ప పనితనం, నోట్లో నిప్పు.

"మన తాత నడిపిన పడవకి మోటారన్నా లేదు గదక్కా. కరిగించినోళ్ళు చల్లగా కూచుంటే మనమెందుకు ఈ చలిలో చావాలి?"

"మరి ఎందుకొచ్చావురా?" అన్నాడు బాబాయ్.

రాజు చారు ఇంకో గరిటె వేయించుకున్నాడు.

మార్చి 12

ఉత్తరం వైపు ఓడ కనబడింది. పెద్ద సరుకు ఓడ. పేరు 'మెరిడియన్'.

ఈ మధ్య ఓడల కంపెనీలు దగ్గర దారి అని ధ్రువం మీదుగా పంపుతున్నాయి. మంచు పోయాక మిగిలిన దారి కదా. చలికాలంలో ఇటు రావద్దని మేము రేడియోలో చెబుతూనే ఉంటాం. ఈ ఓడకూ నిన్న మూడుసార్లు చెప్పాం. జవాబు లేదు.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. ఉత్తరం నుంచి తేలుడు మంచు కొట్టుకొచ్చి, ఓడను మా మడి ఉత్తరపు అంచు వైపు నెట్టి, చుట్టూ బిగించేసింది. అప్పుడు పలికింది వాళ్ళ రేడియో. కెప్టెన్ పేరు హాల్డెన్. మా చెవిబిళ్ళలు ఏ భాషనైనా తెలుగులోకి మారుస్తాయి గానీ, ఆ తెలుగు ఎక్కడ నేర్చాయో ఏమో.

"మాన్యులారా, మా నౌక హిమముచే బంధింపబడినది. నౌకలో ఇరువది ముగ్గురము కలము. దయచేసి సాయమొనర్పుడు."

బాబాయ్‌కి నవ్వాగలేదు. "అంత కష్టంలోనూ పద్యం చదువుతున్నాడు చూడు పాపం!"

కాసేపటికి ఆ నవ్వు కూడా పోయింది. ఓడ పక్కరేకు ఒకచోట చీలిందట. ఇంజను గదిలోకి నీళ్ళు వస్తున్నాయి.

మార్చి 13

సంగతులు ఇలా ఉన్నాయి.

మంచుకోత ఓడ ఒకటి బయలుదేరింది. రావడానికి ఐదారు రోజులు. హెలికాప్టర్లు ఇంత దూరం వచ్చి తిరిగి వెళ్ళలేవు. ఓడలో ఇంజను ఆగిపోయింది, వేడి లేదు. బయట చలి సున్నాకు ముప్ఫై డిగ్రీలు కింద. ఓడ వాళ్ళలో ఒకతనికి కాలు విరిగింది.

కంపెనీ వాళ్ళు మాకొక కబురు పంపారు. మంచుకోత ఓడ దగ్గర దారిన, అంటే మా మడిని నడిమధ్యన చీల్చుకుంటూ వస్తుందట. మేమందరం వంటగదిలో కూర్చుని విన్నాం. మడి మధ్యలో కాలవ పడితే ఎండాకాలంలో సముద్రం రెండు వైపులా కొరుక్కుంటూ పోతుంది. అక్టోబరు నాటికి రెండు ముక్కలూ మిగలవు.

సువర్ణరాజు లేచి నిలబడ్డాడు. "మా అమ్మ ఇంటి దూలం పట్టుకుని నీళ్ళలో రాత్రంతా ఏలాడింది. ఏ ఓడా రాలేదు. ఈళ్ళ కోసం మనం మడి పోగొట్టుకోవాలా? రావద్దన్నాం, ఇన్లేదు. ఇరుక్కున్నారు. అది ఆళ్ళ పూచీ."

"పూచీ సంగతి తర్వాత తేల్చుకుందాం" అన్నాను. "మనుషులు చలికి చచ్చిపోతే తేల్చి ఏం లాభం?"

"అయితే మడి కోసెయ్యమంటావా?"

"అనను. మడినీ కొయ్యనియ్యను, ఆళ్ళనీ చావనియ్యను."

అన్నానే గానీ ఎలాగో నాకూ అప్పటికి తెలియదు. ఆనా వైపు చూశాను. ఆమె చెప్పింది వినేసరికి దారి కొద్దిగా కనబడింది. ఓడకూ మా మడి అంచుకూ మధ్య కిలోమీటరు మేర విరిగిన మంచు ఉంది. పలకలు పలకలుగా ఊగుతోంది, మధ్య సందుల్లో నీళ్ళు, పైన మాత్రం మంచుపొడి కప్పి చదునుగా కనిపిస్తుంది. అడుగు పెడితే మనిషి దిగిపోతాడు. ఆ ఒక్క కిలోమీటరు దాటించగలిగితే, ఇటు మా మడి మీద ఏనుగులనైనా నడిపించవచ్చు.

"ఆ మేరకి గట్టు పోద్దాం" అన్నాను. "నీరు పారించి."

"ఊగే మంచు మీద నీళ్ళు పోస్తే కట్టుకుంటది, మళ్ళీ పగులుద్ది" అన్నాడు రాజు. ఆ మాట నిజమే. పెళుసు మంచును పట్టి ఉంచేది ఏదో ఒకటి లోపల ఉండాలి. కాంక్రీటులో ఇనుప చువ్వల్లాగా.

అందరం ఆలోచనలో పడ్డాం. ఏడుకొండలు బాబాయ్ మాత్రం తన బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు:

"వలలున్నాయి గదమ్మాయ్."

మార్చి 14

మా సామాను గదిలో వలలు చాలానే ఉన్నాయి. ఎండాకాలంలో అంచు దగ్గర చేపలు పట్టుకోవడానికి తెచ్చుకున్నవి. అవి కాక బాబాయ్ సొంతది పొడుగాటి వల ఒకటి. ఊరు మునిగిన రోజున ఆయన ఇంట్లోంచి తెచ్చుకున్నది అదొక్కటే. ఆయనా, పిన్నీ వరండాలో ఎదురెదురుగా కూర్చుని అల్లినది. పిన్ని ఇప్పుడు లేదు. ఆ వలను ఆయన ఇక్కడ ఒక్కసారీ నీళ్ళలో వెయ్యలేదు.

ఈ రోజు తెల్లవారగానే మోటార్లను స్లెడ్జి బళ్ళ మీదకు ఎక్కించి అంచుకు లాక్కెళ్ళాం. ఆనా పొడుగాటి కర్రతో ముందు పొడుచుకుంటూ వెళ్ళి, గట్టి పలకలున్న చోటల్లా ఎర్ర గుడ్డ కట్టిన పుల్ల నాటింది. మేము నడుములకు తాళ్ళు కట్టుకుని వెనక బోర్లా పడి పాకుతూ వలలు పరిచాం. చదునుగా పరిస్తే చాలదు, కొంచెం వదులుంచాలి. పలకలు ఊగినప్పుడు వల తెగకూడదు. అది మాలో ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. వలలతో పుట్టి పెరిగినవాళ్ళం.

వల పరిచిన చోటల్లా సన్నగా నీరు వదిలాం. నీరు పడటం, చిటపటలాడుతూ తెల్లబడటం, కట్టుకోవడం. దాని మీద ఇంకో వల, ఇంకో తడి. మధ్యాహ్నానికి సగం మేర అయింది. గాలికి కనురెప్పలు అతుక్కుపోతుంటే అరచేత్తో మూసుకుని కరిగించుకున్నాం.

సువర్ణరాజు ఈ పనికి రానన్నాడు. నేను బలవంతపెట్టలేదు. కానీ రెండో మోటారు ఆగిపోయిందని కబురు చేస్తే, పరుగెత్తుకుంటూ వచ్చాడు. బాగు చేశాడు. తర్వాత వెళ్ళలేదు.

మార్చి 15

వలలు చాలలేదు.

ఓడకు ఒక ఊరి వీధంత దూరం మిగిలింది. ఆ చివరి చోటే మంచు అన్నిటికన్నా పాడుగా ఉంది. ఓడ లోపల ఇద్దరు చలికి మగతలోకి జారుకుంటున్నారని కెప్టెన్ రేడియోలో చెప్పాడు.

బాబాయ్ కేంద్రానికి వెళ్ళి తన వల భుజాన వేసుకుని వచ్చాడు. నేను వద్దనబోయాను.

"పిన్ని అల్లింది..."

"తెలుసులేమ్మా. ముడి వదల్దు అదల్లితే. అందుకే తెచ్చా."

పరిచేటప్పుడు ఒక్కచోట చెయ్యి ఆపి, ఒక ముడిని బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. తర్వాత రాజుకు సైగ చేశాడు. రాజు మోటారు వేశాడు. నీరు దాని మీదుగా పారి గడ్డకట్టింది.

మార్చి 16

ఈ రోజు సంగతి జాగ్రత్తగా రాయాలి.

పొద్దున ఆనా గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒంటరిగా నడిచి వెళ్ళి, తిరిగి వచ్చి, తల ఊపింది. ఎండ కాస్తోంది, గాలి నెమ్మదించింది. ఓడ వాళ్ళు తాడు నిచ్చెన దించారు. ముగ్గురు ముగ్గురుగా, మనిషికీ మనిషికీ దూరం ఉంచి, అందరినీ ఒకే తాడుకు కట్టి నడిపించాం. పెద్ద పెద్ద మనుషులు, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చారు. ఒకతను పోలికలకు మా నాగాయలంక వాళ్ళలాగే ఉన్నాడు. అతనిది ఎక్కడో దూరదేశపు దీవి అట, అదీ మునిగిపోయిందట. మడి మీదికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

కాలు విరిగిన అతన్ని స్లెడ్జి మీద పడుకోబెట్టి రాజు లాగుతూ వచ్చాడు. బరువు ఎక్కువ కదా, సగం దారిలో గట్టు మీద పెద్ద చప్పుడైంది. ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పగులు పరిగెత్తింది. నీళ్ళు పైకి ఉబికాయి.

"కదలొద్దు!" అని అరిచింది ఆనా. ఆ మాటకు చెవిబిళ్ళ అక్కర్లేకపోయింది.

మంచు పగిలింది గానీ విడిపోలేదు. ఎక్కడి ముక్క అక్కడ వలలో బిగుసుకుని ఆగింది. ఉట్టిలో పెట్టిన కుండల్లాగా ఆ ముక్కలన్నీ ఊగుతూ నిలబడ్డాయి. రాజు స్లెడ్జి తాడును దంతాలతో పట్టుకుని, రెండు చేతులూ చాచి బోర్లా పడుకున్నాడు. బరువు పరుచుకోవాలి కదా. అలాగే పాకుతూ, మోచేతులూ మోకాళ్ళూ తడిసిపోతూ, ఆ మనిషిని ఇటు లాక్కొచ్చాడు. మా మడి అంచు ఎక్కించాక గానీ తాడు నోట్లోంచి తియ్యలేదు.

మేము పగులు మీద మళ్ళీ నీరు కట్టాం. అరగంట ఆగాం. మిగిలినవాళ్ళూ వచ్చేశారు.

చివర కెప్టెన్ హాల్డెన్ వచ్చాడు. అరవై దాటి ఉంటాయి, మీసాల మీద మంచు. మడి మీద నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. మడమతో గట్టిగా తొక్కి చూశాడు.

"ఈ ప్రదేశమున జలమున్నదని మా పటమందు లిఖింపబడినది" అంది చెవిబిళ్ళ.

"మీ పటం పాతది" అన్నాను.

ఆయన చుట్టూ చూశాడు. చూపు ఆనినంత మేరా తెలుపే. గాలిమరలు తిరుగుతున్నాయి, గొట్టాలు పారుతున్నాయి. "ఇదంతయు మీరా?"

"మేమే."

ఇరవై ముగ్గురూ క్షేమం. మేము కట్టిన మంచు మనుషుల్ని మోసింది. నాలుగేళ్ళుగా ఇది ఎండకు అద్దంలా పనికొస్తుందనే అనుకున్నాం. నేలలా కూడా పనికొచ్చింది.

సువర్ణరాజు పొయ్యి దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుంటే, కాలు విరిగిన అతను పక్క మంచం మీద నుంచి ఏదో అన్నాడు. రాజు చెవిబిళ్ళ తీసి పక్కన పెట్టేశాడు. "ఏందో అంటన్నాడక్కా. అర్థమవుతానే ఉంది" అని గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

మార్చి 19

మంచుకోత ఓడ వచ్చి మా మడి దక్షిణపు అంచున నిలబడింది. మనుషులు బయటపడ్డారు గానీ, ఓడను వదులుకోవడానికి కంపెనీ సిద్ధంగా లేదు. మడి మధ్యగా కోసుకుంటూ వెళితే ఒక్క రోజు. పడమటి నుంచి చుట్టి వెళితే మూడు రోజులు.

బందరు నుంచి మా సంఘం కార్యదర్శి జలజాక్షి గారు పొద్దున్నే మాట్లాడారు.

"నాంచారీ, చట్టం వినమ్మా. తనంతట తాను కట్టిన మంచయితే ఎవరైనా కోసుకోవచ్చు. మనుషులు కట్టిందయితే, యజమాని ఒప్పుకోకుండా ముట్టుకోకూడదు. కానీ యజమానిమని ఒప్పుకున్నామంటే, దాని వల్ల జరిగే ప్రతి నష్టానికీ మనమే జవాబు చెప్పుకోవాలి. ఓడ మీ మంచుకే కొట్టుకుందని వాళ్ళ వకీళ్ళు రేపే మొదలుపెడతారు."

"ఇంతవరకూ ఎవరూ మంచు మాదే అన్లేదాండీ?"

"పదమూడు మళ్ళున్నాయి మీ కంటే ముందు. ఒక్కళ్ళూ అన్లేదు. భయం. నిర్ణయం నీదే, అక్కడున్నది నువ్వు."

నేనొక్కదాన్నీ తేల్చే మాట కాదు. వంటగదిలో అందరినీ కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నాదైతే ఒప్పుకోవాలనే ఉందన్నాను. నేల చూస్తున్న రాజు తలెత్తాడు.

"ఆ సభలో కూచున్నోళ్ళంతా అరవై ఏళ్ళనించి మాది కాదంటే మాది కాదంటన్నారు. మనం కూడా ఆ మాటే అంటే ఇంక తేడా ఏందక్కా? మొన్న నన్ను మోసింది అది. మనదే అందాం."

ఎవరూ కాదనలేదు.

మధ్యాహ్నం మంచుకోత ఓడ అధికారి రేడియోలోకి వచ్చింది. ఆవిడ గొంతు కటువుగా ఏమీ లేదు. చేయాల్సిన పని చేస్తున్న మనిషి గొంతు.

"నా యెదుటనున్న ఈ హిమమునకు యజమానులు కలరా? కలరేని నామధేయములను, నివాసగ్రామములను తెలుపుడు. ఎవరును లేనియెడల నేను కోయనారంభింతును."

నేను మైకు దగ్గరకు వెళ్ళాను. "తిరుమాని నాంచారి. సొర్లగొంది."

పక్కకు జరిగాను. బాబాయ్ టోపీ తీసి వచ్చాడు. "లంకే ఏడుకొండలండీ. ఏటిమొగ."

"సైకం సువర్ణరాజు. ఎదురుమొండి."

ఇలా ఒక్కొక్కరూ వచ్చి పేరూ ఊరూ చెప్పారు. ఆ ఊళ్ళలో ఒక్కటీ ఇప్పుడు నీళ్ళ పైన లేదు. అయినా ఎవరి గొంతూ తగ్గలేదు. గట్టిగా, తరగతిలో హాజరు పలికినట్టు పలికారు. ఆఖరున ఆనా తన భాషలో పేరు చెప్పి, ఊరి దగ్గర ఆగింది. "మా అమ్మ నన్ను కన్నది ఇక్కడి మంచు మీదే, వేట గుడారంలో. ఊరు అంటే ఇదే రాసుకోండి" అంది, మా దగ్గర నేర్చిన తెలుగులో.

తర్వాత అధికారి అడిగింది: "దీనివలన కలిగిన, కలుగబోవు నష్టమునకు మీరు బాధ్యత వహింతురా?"

"వహిస్తాం" అన్నాను. "మీరు కోయడానికి మాత్రం ఒప్పుకోం."

అప్పుడు ఎవరూ అనుకోనిది జరిగింది. వెనక బల్ల దగ్గర కూర్చున్న కెప్టెన్ హాల్డెన్ లేచి వచ్చాడు. నా వైపు చూసి, మైకు ఇమ్మన్నట్టు చెయ్యి చాచాడు. ఇచ్చాను.

"నేను మెరిడియన్ కెప్టెనును. ఈ దారి వలదని వీరు మూడు పర్యాయములు హెచ్చరించిరి. నేను వింటిని. దగ్గర దారియని వచ్చితిని. కంపెనీ నన్ను తొందరపెట్టినది, నిజమే. అయినను చుక్కాని నా చేత నుండెను. వీరి హిమము నా నౌకను చెరుపలేదు. నా మనుష్యులను మోసినది. నష్టము నా వలన జరిగినది. దీనిని నమోదు చేయుడు."

ఈసారి చెవిబిళ్ళ భాషకు బాబాయ్ కూడా నవ్వలేదు.

"నమోదైనది" అంది అధికారి. ఆ వెంటే "పడమటి మార్గమున వెళ్ళుచున్నాను" అంది.

అందరం బయటికి పరుగెత్తాం. ఆ పెద్ద ఎర్ర ఓడ నెమ్మదిగా వెనక్కి జరిగి, ముక్కు పక్కకు తిప్పుకుంది. మా మడి అంచు వెంబడి, దాన్ని తగలకుండా, దూరం జరుగుతూ పడమటికి సాగింది. హాల్డెన్ మనుషులు కేకలు వేస్తూ చేతులూపారు. నాకు అరవాలనిపించలేదు. ఊరు పోయినప్పటి నుంచీ ఎక్కడ నిలబడ్డా ఎవరి చోటులోనో నిలబడ్డట్టు ఉండేది. ఇప్పుడలా లేదు. కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టుకుని, నిటారుగా నిలబడ్డాను.

బాబాయ్ పక్కకొచ్చాడు.

"అయితే అమ్మాయ్, ఇకనించి ఏ ఓడ దీనికి తగిలినా అడిగేది మననేనా?"

"మననే బాబాయ్."

"అట్టాగయితే ఇట్టా చీకట్లో వదిలెయ్యకూడదు గదా. అంచు పొడుగునా దీపాలు పెట్టాల" అని, స్తంభాలు ఎన్ని కావాలో చూడటానికి రాజును కేకేసుకుంటూ వెళ్ళాడు.

పొద్దు వాలేలోపు దక్షిణపు అంచున నాలుగు దీపాలు వెలిగించాం. మిగతావి రేపు.